క్యాంపర్ వ్యాన్ కొనే ముందు: జైపూరు, కోరాపుట్, రాయగడ ట్రావెల్స్ యజమానులకు బహిరంగ లేఖ

జైపూరు, కోరాపుట్, సునాబెడ, రాయగడ, గుణుపురంలో ట్రావెల్స్ బండ్లు నడుపుతున్న అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం.

నేను ఒడిశాలోని మన జైపూరులో డీజిల్ మెకానిక్‌ని. మీలో చాలామంది బండ్లు నా చేతుల మీదుగా వెళ్లినవే. ఈ మధ్య మీలో కొందరు ఫోర్స్ ట్రావెలర్, టాటా వింగర్ వ్యాన్లు కొని, సీట్లు తీసేసి, మంచం, చిన్న వంటగట్టు, నీళ్ల ట్యాంకు పెట్టించి క్యాంపర్లుగా తిప్పుదామని చూస్తున్నారు. ఆలోచన మంచిదే. దేవమాలి కొండ కింద, గుప్తేశ్వరం దారిలో, డుడుమ జలపాతం దగ్గర రాత్రి ఉండటానికి మంచి గది దొరకడం కష్టం. బండే గది అయితే విశాఖ, విజయనగరం నుంచి వచ్చే కుటుంబాలకు అంతకన్నా కావలసింది లేదు.

షెడ్డుకు వచ్చిన ప్రతివాళ్లూ అడిగేది ఒకటే: "పాత బండి కొనమంటారా, కొత్తది కొనమంటారా? ఏది నమ్మకం?" చేతికి గ్రీజుతో నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదిది. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. ఏ తరం బండైనా చెడిపోతుంది. అది చెప్పి చెడిపోతుందా, చెప్పకుండా ఆగిపోతుందా, ఆగిన చోట దాన్ని లేపగలిగే మనిషి, సామాను ఎంత దూరంలో ఉన్నాయి అన్నది చూడాలి. ఇది చూడకుండా మోడల్ సంవత్సరం ఒక్కటే చూసి లక్షలు పెట్టకండి.

క్యాంపర్ అనగానే ప్రపంచమంతా ముందు తలచుకునేది ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్‌నే. 1950లో మొదలై తరాలు తరాలుగా వచ్చింది కాబట్టి, ఈ విషయం నేర్చుకోవడానికి అంతకన్నా మంచి పాఠం లేదు. మొదటి తరం, 1967లో వచ్చిన రెండో తరం బండ్లకు ఇంజన్ వెనకాల, అదీ గాలితో చల్లబడేది. రేడియేటరే లేదు, కాబట్టి నీళ్లు కారే సమస్యే లేదు. వాల్వులు సర్దడం, ఆయిల్ మార్చడం తెలిసినవాడు దాన్ని రోడ్డు పక్కనే బాగుచేసుకునేవాడు. అలాగని దానికి జబ్బులు లేవని కాదు. పెట్రోలు గొట్టం పాతబడి పగిలితే వేడి ఇంజన్ మీద పడి మంటలు లేచేవి. బరువేసి ఎత్తు ఎక్కిస్తే ఆయాసపడేది. ఆ రెండో తరం బండిని బ్రెజిల్‌లో 2013 దాకా తయారు చేశారు, అందులో 2005 దాకా గాలితో చల్లబడే ఇంజనే పెట్టారంటే, చిక్కులేని ఇంజన్‌కు జనం ఎంత విలువిచ్చారో చూడండి.

మూడో తరం 1979లో వచ్చింది. కొన్నేళ్లకే ఇంజన్‌ను నీళ్లతో చల్లబడేలా మార్చారు. రేడియేటర్ ముందు, ఇంజన్ వెనక, మధ్యలో బండి పొడుగునా గొట్టాలు. ఆ గొట్టాల్లో గాలి చిక్కితే తీయడం పెద్ద పని. అంతకన్నా ముఖ్యం, సిలిండర్లను మూసే దాని అల్యూమినియం హెడ్డు. కూలెంట్ మార్చకుండా వదిలేసినా, మామూలు నీళ్లు పోసినా హెడ్డును తుప్పు తినేసి, రబ్బరు సీలు దగ్గర కారడం మొదలయ్యేది. ఇది మనకెందుకంటారా? మన డ్రైవర్లు ఘాట్ మధ్యలో బాటిల్‌తో వాగు నీళ్లు తెచ్చి రేడియేటర్‌లో పోసే అలవాటు మీకు తెలుసు. ఆ బండి హెడ్డును పాడు చేసింది సరిగ్గా అలాంటి నిర్లక్ష్యమే. ఆపదలో ఒకసారి పోస్తే పోశారు, కిందికి దిగాక మొత్తం తీసి సరైన కూలెంట్ పోయండి.

1990లో వచ్చిన నాలుగో తరంలో ఇంజన్ ముందుకు వచ్చింది, ముందు చక్రాలే లాగడం మొదలెట్టాయి. దాంట్లోని 2.5 లీటర్ల అయిదు సిలిండర్ల టర్బో డీజిల్‌ను ఇప్పటికీ వెతుక్కుని కొనేవాళ్లున్నారు. టైమింగ్ బెల్టు వేళకు మారిస్తే చాలు, ఏళ్లకేళ్లు తిరుగుతుంది. 2003లో అయిదో తరం వచ్చింది. బలం పెరిగింది, కారులా సుఖంగా నడిచింది. కానీ దాంట్లో మొదట్లో పెట్టిన అయిదు సిలిండర్ల డీజిల్‌కు క్యామ్‌షాఫ్ట్ అరుగుదల, వాటర్ పంపు లీకులు చెడ్డపేరు తెచ్చాయి. 2009 తర్వాత 2 లీటర్ల ఇంజన్లు వచ్చాయి. వాటిల్లో రెండు టర్బోలున్న 180 హార్స్‌పవర్ రకం ఆయిల్ తాగడంలో పేరు పడింది. అదే బాడీలో, అదే 2 లీటర్లలో తక్కువ పవర్ రకాలు మాత్రం నెమ్మదిగా, బుద్ధిగా తిరిగాయి.

అంటే తరం మారిన కొద్దీ నమ్మకం పెరగనూ లేదు, తరగనూ లేదు. ఒకే తరంలో ఒక ఇంజన్ బంగారం, ఇంకోటి తలనొప్పి. "ఏ తరం" అని కాదు, "ఆ తరంలో ఏ ఇంజన్" అని అడగాలి.

ఇక మన బండ్ల సంగతికి వద్దాం.

మెటాడోర్‌ను మీ నాన్నలు నడిపారు. 1969 నుంచి వచ్చిన బండి. ఇప్పుడు దాన్ని క్యాంపర్ చేద్దామనుకునేవాళ్లు సరదా కోసమే చేయాలి, టూరిస్టుల కోసం కాదు. అక్కడితో ఆ మాట చాలు.

1987లో వచ్చిన ట్రావెలర్ వేరే కథ. మెర్సిడెస్ వాళ్ల వ్యాన్ నమూనా మీద కట్టిన బండి. పాత ట్రావెలర్లలో ఉన్న 2.4 లీటర్ల ఓఎం616 ఇంజన్ కూడా మెర్సిడెస్‌దే. టర్బో లేదు, కంప్యూటర్ లేదు. ఆ ఇంజన్ ఆగిపోతే ఎందుకు ఆగిందో చెవితో, ముక్కుతో కనుక్కోవచ్చు. పొట్టంగి దాటాక ఒకసారి అలాంటి బండి ఆగితే నన్ను పిలిచారు. డీజిల్ ఫిల్టర్ దగ్గర రాగి వాషర్ పగిలి గాలి పీలుస్తోంది. బ్లీడ్ స్క్రూ కొంచెం వదులు చేసి చేతి పంపు నొక్కుతుంటే ముందు నురుగు, తర్వాత బుడగలు, ఆ తర్వాత గలగలమని శుభ్రమైన డీజిల్ వచ్చింది. స్క్రూ బిగించి సెల్ఫ్ కొడితే స్టార్ట్. డ్రైవర్ జేబులో రెండు రాగి వాషర్లు ఉండి ఉంటే నన్ను పిలిచే పనే ఉండేది కాదు.

కొండ మీద మాత్రం ఆ ఇంజన్‌కు ఆయాసం. టర్బో లేని ఇంజన్ ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు పదో వంతు దాకా బలం పోగొట్టుకుంటుంది. కోరాపుట్ ఊరే 870 మీటర్ల ఎత్తున ఉంది. దేవమాలి శిఖరం 1,672 మీటర్లు. పైగా క్యాంపర్ అంటే ప్లైవుడ్డు, పరుపులు, గ్యాస్, బ్యాటరీలు, వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. చలికాలం తెల్లవారుజామున సిమిలిగుడ వైపు హీటర్ ప్లగ్గులు పోయిన బండిని స్టార్ట్ చేయడం డ్రైవర్‌కు నరకం.

పాత బండి విషయంలో నా భయం ఇంజన్ కాదు, బాడీ. క్యాంపర్‌గా మార్చడానికి తెచ్చిన ఒక బండి కింద పడుకుని మెట్టు దగ్గర స్క్రూడ్రైవర్‌తో తట్టాను. టక్ మనాల్సింది, లోపలికి దిగిపోయింది. రంగు పైన నిగనిగలాడుతోంది, లోపల రేకు అంతా పొట్టు. ఓనర్ అప్పటికే ఫ్లోర్ మీద ప్లైవుడ్డు, దాని మీద వినైల్ షీట్ పరిపించేశాడు. ఒకసారి పలక పడ్డాక తుప్పు కంటికి కనపడదు. మన కొండల మీద జూన్ నుంచి అక్టోబరు దాకా బండి ఆరేది లేదు. గోడల్లో దూర్చిన థర్మకోల్, స్పాంజి చెమ్మ పట్టి ఉంచుతాయి. సీటు బెల్టు బిగించిన చోట రేకు పుచ్చిపోతే, అది బెల్టు కాదు, అలంకారం. అందుకే పాత ట్రావెలర్ కొనదలిస్తే, ప్లైవుడ్డు వేయకముందే షెడ్డులో ర్యాంపు మీదికి ఎక్కించి కిందంతా చూపించండి. ఎక్కడ తట్టాలో నేను చూపిస్తాను, డబ్బులు తీసుకోను.

తర్వాత వచ్చినవి కామన్ రైల్ బండ్లు, అంటే డీజిల్‌ను కంప్యూటర్ లెక్క ప్రకారం ఎక్కువ ఒత్తిడితో చిమ్మేవి. పొగ కాలుష్యానికి ప్రభుత్వం పెట్టిన ప్రమాణాల్లో దేశమంతా బీఎస్-4 తప్పనిసరి అయింది 2017 ఏప్రిల్‌లో, బీఎస్-6 వచ్చింది 2020 ఏప్రిల్‌లో. ఈ మధ్యలో తయారైన వ్యాన్లంటే నాకు ఎక్కువ ఇష్టం, దాచుకోను. టర్బో ఉంది కాబట్టి ఘాట్ ఎక్కుతుంది. సెన్సార్లు ఉన్నాయి కానీ లెక్కకు మించి లేవు. ఈ సైజు వ్యాన్లలో ఎక్కువ వాటికి పొగగొట్టంలో మసి ఫిల్టర్ గానీ, యూరియా ట్యాంకు గానీ లేవు. పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసి పట్టడం, ఇంజెక్టర్లు కల్తీ డీజిల్‌కు పాడవడం వీటి ప్రధాన జబ్బులు. రెండూ ముందే చెప్పే జబ్బులు. నల్ల పొగ, పికప్ తగ్గడం, పొద్దున స్టార్టింగ్ ఆలస్యం, ఇవి చూసి వారంలోపు షెడ్డుకు తెస్తే రోడ్డు మీద ఆగదు. కాకపోతే బాడుగ బండి 8 ఏళ్లు దాటితే ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఏటా చేయించాలి. 2018 బండి కొంటున్నారంటే ఆ ఖర్చు లెక్కలో వేసుకోండి.

వింగర్ గురించి ప్రత్యేకంగా ఒక మాట. 2007లో వచ్చిన ఈ బండిని ముందు చక్రాలు లాగుతాయి. లోపల ఫ్లోర్ కిందికి ఉంటుంది, ఎక్కడం దిగడం సులువు, ముసలివాళ్లకు బాగుంటుంది. కానీ నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు, మంచం అన్నీ వెనక పెట్టి ముందు భాగం తేలికచేస్తే, తడి మట్టి ఎత్తు మీద ముందు టైర్లు గిర్రున తిరుగుతాయి తప్ప బండి కదలదు. దేవమాలి దారి లాంటి ఎత్తుల్లో ఇది పెద్ద ఇబ్బంది. వింగర్‌ను మార్పించేవాళ్లు ట్యాంకును వీలైనంత ముందుకు, డ్రైవర్ వెనక్కు పెట్టించండి.

ఇక బీఎస్-6. దీని గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీలో ఎక్కువమంది లోన్ తీసి కొనబోయేది ఇదే.

బండిగా చూస్తే ఇంతకుముందు వాటికన్నా అన్ని విధాలా మెరుగు. బ్రేకులు మంచివి, ఏబీఎస్ ఉంది, పొగ లేదు, సడి తక్కువ, ఎత్తు ఎక్కడంలో తిరుగులేదు. చెడిపోవడం కూడా తక్కువే. కానీ చెడిపోయినప్పుడు తీరు వేరు. పోయిన వానాకాలం సుంకి ఘాట్‌లో ఒక కొత్త వ్యాన్ డాష్ బోర్డు మీద పసుపు లైటు వెలిగింది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇరవై దాటడం లేదు. లోపల విజయనగరం కుటుంబం, వాళ్లతో పెద్ద వయసు మామ్మగారు. చీకటి పడింది, వాన, నెట్‌వర్క్ లేదు. చివరికి లారీకి కట్టి సాలూరు దించారు. సాలూరు లారీల ఊరు, పెద్ద పెద్ద ఇంజన్లు విప్పి బిగించే చేతులున్న చోటు. అయినా ఆ రాత్రి ఆ లైటు ఏం చెబుతోందో చదివే స్కానర్ ఎవరి దగ్గరా లేదు. మర్నాడు విశాఖ నుంచి ల్యాప్‌టాప్‌తో మనిషి వచ్చి చూస్తే, మసి ఫిల్టర్ ముందూ వెనకా ఒత్తిడి కొలిచే సెన్సార్‌కు వెళ్లే వేలెడంత రబ్బరు గొట్టం పగిలింది. దాని ఖరీదు కంటే ఆ రాత్రి మామ్మగారు బండిలో పడ్డ అవస్థ ఎక్కువ. ఆ కుటుంబం మళ్లీ మన వైపు వస్తుందా?

ఆ మసి ఫిల్టర్ సంగతి క్యాంపర్ ఓనర్లు తప్పక తెలుసుకోవాలి. పొగలోని మసిని అది పట్టి ఉంచుతుంది. మసితో నిండిపోతున్నప్పుడు ఇంజన్ తనంతట తానే దాదాపు 600 డిగ్రీల వేడితో ఆ మసిని కాల్చేస్తుంది. అలా కాలాలంటే బండి కాసేపు ఒకే ఊపులో పరుగెత్తాలి. క్యాంపర్ చేసేదేమిటి? పది కిలోమీటర్లు వెళ్లి ఆగుతుంది, రాత్రంతా ఇంజన్ ఆన్‌లో పెట్టి ఏసీ వేస్తారు. ఫిల్టర్ నిండటానికి ఇంతకన్నా మంచి దారి లేదు. పైగా నిద్రపోతున్నవాళ్ల పక్కన ఇంజన్ తిరుగుతూ ఉంటే, ఏ చిన్న కంత నుంచో పొగ లోపలికి వస్తే ప్రాణాలకే ముప్పు. దయచేసి "ఇంజన్ ఆన్‌లో పెట్టుకుని పడుకోండి" అని ఏ కస్టమర్‌కూ చెప్పకండి. 12 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీలో ఉన్నది 1.2 యూనిట్ల కరెంటు. చిన్న ఏసీకి అది గంట పని. అయినా కోరాపుట్ కొండ మీద రాత్రి ఏసీ ఎందుకండీ? రెండు కిటికీలకు దోమతెర, పైకప్పుకు ఒక ఫ్యాన్ పెట్టిస్తే హాయిగా నిద్ర పడుతుంది. గుణుపురం, రాయగడ కింద వైపు ఎండాకాలం తిప్పేవాళ్లు కరెంటు ప్లగ్గు దొరికే చోటే రాత్రి ఆపుకోండి.

పొగను శుభ్రం చేయడానికి వేరే ట్యాంకులో పోసే డీఈఎఫ్ ద్రవం విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. అందులో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీళ్లు. పొలానికి వేసే యూరియా కలిపి పోస్తే ఆ సిస్టం మొత్తం పోతుంది. 30 డిగ్రీలు దాటిన ఎండలో డబ్బా నెలల తరబడి ఉంచితే దాని గుణం తగ్గిపోతుంది. ట్యాంకు ఖాళీ అయితే కొన్ని బండ్లు బలం తగ్గిస్తాయి, కొన్ని ఆపాక మళ్లీ స్టార్ట్ కావు. గుప్తేశ్వరం అడవిలో అలా ఆగిన బండిని తలుచుకుంటే మీకే టెన్షన్ వస్తుంది.

బ్రేక్ ఆయిల్ గురించి అన్ని తరాల బండ్లకూ కలిపి చెబుతున్నాను. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక 155 డిగ్రీలకే మరిగే స్థితికి దిగిపోతుంది. మన వానలకు అది తేమ పీల్చుకోవడం ఖాయం. నిండు బరువుతో సుంకి నుంచి కిందికి బ్రేకు మీదే దిగితే ఆ వేడి వచ్చేస్తుంది, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. రెండో గేర్లో దించండి, రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించండి.

చట్టం సంగతి క్లుప్తంగా. కంపెనీ ఇచ్చిన బండిని మన ఇష్టం వచ్చినట్టు మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మోటార్ కారవాన్లకు ఏఐఎస్-124 అని ప్రమాణం ఉంది. సాలూరులోనో, విశాఖలోనో సీట్లు పీకించి మంచాలు వేయించేసి తర్వాత ఆర్‌టీఓ దగ్గరికి వెళితే కుదరదు, ముందే వెళ్లండి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట చూసేది ఆర్‌సీలో ఏముందని.

ఇదంతా చెప్పి, మీరు చేయాల్సిన పని మాత్రం చెప్పకపోతే ఎలా? అన్నలూ, మీరంతా వేర్వేరు. ఒకరి బండి ఆగితే ఇంకొకరికి తెలియదు, తెలిసినా పేరు పోతుందని దాచుకుంటారు. ఈ దాపరికం వల్లే ఏ బండి నిజంగా నమ్మకమో మనలో ఎవరికీ తెలియడం లేదు. అందరూ కలిసి ఒక నోట్‌బుక్ పెడదాం. ఏ బండి, ఏ ఇంజన్, ఎన్ని కిలోమీటర్లకు, ఏ ఘాట్‌లో, ఏం పాడై ఆగింది, ఎన్ని గంటలకు లేచింది, ఇంతే రాయండి. ఓనర్ పేరు అక్కర్లేదు. రెండు వానాకాలాలు గడిస్తే, ఏ షోరూమ్ చెప్పలేని జవాబు మన చేతిలో ఉంటుంది.

రెండోది, అందరూ తలా కొంత వేసుకుని బీఎస్-6 బండ్లన్నీ చదివే మంచి స్కానర్ ఒకటి కొందాం. జైపూరులో ఒకటి, వీలైతే రాయగడలో ఒకటి. దాన్ని వాడటం నేర్చుకోవడానికి నేను సిద్ధం, నాతో పాటు ఇద్దరు కుర్రాళ్లను కూడా తయారు చేస్తాను. ఒత్తిడి సెన్సార్ గొట్టాలు, వేడి కొలిచే సెన్సార్, డీజిల్ ఫిల్టర్లు, బెల్టులు కొన్ని స్టాక్ పెడదాం. ఏ మోడల్‌కు ఏది అవసరమో జాబితా ఇప్పటికే రాసి ఉంచాను.

ఇవి లేకుండా బీఎస్-6 క్యాంపర్ కొని దేవమాలి పంపడం నాకు ఇష్టం లేదు. ఇవి ఉంటే మాత్రం ధైర్యంగా కొనండి, పాత బండి జోలికి వెళ్లకండి. అప్పటిదాకా తొందరగా మొదలుపెట్టాలనుకునేవాళ్లు 2017 నుంచి 2020 మధ్య తయారైన కామన్ రైల్ ట్రావెలర్‌ను, కింద తుప్పు చూపించి కొనుక్కోండి.

ఆదివారాలు షెడ్డు మధ్యాహ్నం దాకా తెరిచే ఉంటుంది. నోట్‌బుక్ బల్ల మీద పెడతాను, మొదటి పేజీలో సుంకిలో ఆగిన బండి వివరాలు నేనే రాస్తాను.

ఇట్లు,
మీ జైపూరు డీజిల్ మెకానిక్